ఇల్లు ఊడ్చే రోబో కొనాలా? ముందు మీ గడప ఎత్తు కొలవండి

నెలకోసారైనా ఎవరో ఒకరు, చుట్టాల్లోనో ఆఫీసులోనో, "ఇల్లు ఊడ్చే రోబో తీసుకుందామనుకుంటున్నాం, ఏది మంచిది" అని నన్ను అడుగుతారు. ఏ కంపెనీ పేరూ చెప్పకముందే నేను తిరిగి అడిగేది ఒకటే, మీ ఇంట్లో గడపలు ఎంత ఎత్తున్నాయి అని. చాలామందికి తెలీదు. పిల్లల స్కేలు తీసుకుని కొలిచి మళ్ళీ ఫోన్ చెయ్యమంటాను. ఎందుకంటే ఈ మిషన్లలో చాలావాటికి 2 సెంటీమీటర్ల ఎత్తు దాటడమే గొప్ప. ఖరీదైన కొత్త రకాలు కొన్ని 4 సెంటీమీటర్ల దాకా ఎక్కుతాయి. మన పాత ఇళ్ళలో టేకు గడప 3 అంగుళాలు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి 70 వేలు పోసి కొన్నా ఆ రోబో ఒక్క గదిలోనే తిరుగుతూ ఉండిపోతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో గదులకి గడపలు పెట్టడం తగ్గింది, సింహద్వారానికీ పూజగదికీ బాత్రూముకీ తప్ప మిగతా నేలంతా ఒకే మట్టంగా ఉంటుంది, అలాంటి చోట ఇవి హాయిగా తిరుగుతాయి.

ఏఐ అనగానే అందరూ ఫోన్లో ప్రశ్నలడిగే చాట్ గురించే మాట్లాడుకుంటున్నారు. కానీ ఇంట్లో మన కాళ్ళ మధ్య తిరుగుతూ, సోఫా ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, చెప్పులు కనిపిస్తే పక్కకి తప్పుకుంటూ రోజూ పనిచేసే ఏఐ ఈ పళ్ళెం లాంటి వస్తువులోనే ఉంది. దీనికి డబ్బు పెట్టాలా వద్దా, పెడితే ఎంత పెట్టాలి అన్నది మధ్యతరగతి ఇంట్లో చిన్న నిర్ణయమేం కాదు. మన ముందున్న దారులు చూస్తే, పనావిడా చీపురూ తడిగుడ్డా అనే పాత పద్ధతి ఒకటి, చేత్తో పట్టుకుని నడిపే వాక్యూమ్ ఇంకొకటి, తర్వాత గోడల దూరాలు కొలిచే లేజర్ లేని చవక రోబో, లేజర్ ఉన్న రోబో, చివరికి తన గుడ్డ తనే ఉతుక్కునే పెద్ద స్టాండు ఉన్న రోబో. మొదటి నాలుగూ మా ఇంట్లోనే చూశాను, అయిదోది బెంగళూరులో చెల్లి వాళ్ళింట్లో ఉంది, అక్కడికి వెళ్ళినప్పుడల్లా నేనే నడుపుతాను. మోడళ్ళ పేర్లు చెప్పను, అవి ఆర్నెల్లకోసారి మారిపోతాయి. మారనివి మన ఇళ్ళు, మన నేల, మన నీళ్ళు, వాటిని బట్టే చెప్తాను.

చవక రకం ఎందుకు వద్దంటున్నాను

నేను మొదటి రోబో కొన్నది 2021లో, కరోనా రెండో వేవ్ అప్పుడు, పనికి వచ్చే అక్క రెండు నెలలు రాలేకపోయినప్పుడు. అమ్మ మోకాళ్ళు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. నేనూ నా భార్యా పొద్దున తొమ్మిదింటికల్లా లాప్‌టాప్‌ల ముందు కూర్చోవాలి, అమ్మేమో మాకు చెప్పకుండా చీపురు పట్టుకుని ఇల్లంతా ఊడ్చేసి సాయంత్రానికి మంచం దిగలేకపోయేది. ఆ బాధ చూడలేక 17 వేలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. అది లేజర్ లేని రకం. మంచం కిందకి దూరి పావుగంట అక్కడక్కడే తిరిగేది, వంటగది వైపు వారం రోజులైనా పోయేది కాదు, ఛార్జింగ్ అయిపోతే స్టాండు దాకా రాలేక సోఫా కింద ఎక్కడో ఆగిపోయేది. దాన్ని బయటికి లాగడానికి అమ్మ మళ్ళీ నేల మీద కూర్చుని, కర్ర పెట్టి, చెయ్యి చాపి... ఏ వంగడం తప్పించాలని కొన్నానో అదే పెరిగింది. ఏడాదిన్నర తర్వాత అటకెక్కించాం.

డబ్బాల మీద ఇప్పుడు అన్నింటికీ ఏఐ అనే రాస్తున్నారు కాబట్టి లోపల ఏముందో కాస్త వివరంగా చెప్పాలి. చవక రకం తన చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెట్టుకుంటూ, ఎటు తిరిగిందో గైరోస్కోప్‌తో చూసుకుంటూ నడుస్తుంది. కళ్ళు మూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో నడవడం లాంటిదే. పట్టా మీద చక్రం కాస్త జారిందా, లెక్క మొత్తం తప్పుతుంది. 2002లో అమెరికాలో ఐరోబోట్ కంపెనీ రూంబా అనే ఊడ్చే రోబోని మార్కెట్లోకి తెచ్చినప్పుడు దానికి ఈపాటి లెక్క కూడా లేదు, దేనికో తగిలి, తిరిగి, ఇంకో వైపు పోవడమే. లేజర్ రకం వేరు. పైన చిన్న గుండ్రటి బొడిపె ఉంటుంది, అందులో లేజర్ గిరగిరా తిరుగుతూ చుట్టూ ఉన్న గోడలూ కాళ్ళూ ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలుస్తుంది, చీకట్లో కూడా. మొదటి రోజు ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చాక మీ ఫోన్లో ఇంటి ప్లాను కనిపిస్తుంది, గదులకి పేర్లు పెట్టుకోవచ్చు, పూజగది ముందు గీత గీసి ఇటు రావద్దని చెప్పొచ్చు. ఆ తర్వాత అది వరి చేలో దున్నినట్టు సాలు పక్కన సాలు వేసుకుంటూ పోతుంది, ఛార్జింగ్ తగ్గితే స్టాండుకి వెళ్ళి ఎక్కించుకుని, ఆపిన చోట మళ్ళీ మొదలుపెడుతుంది. 2023లో 26 వేలకి ఇలాంటిది కొన్నాక తేడా నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది.

అయితే ఆ లేజర్ చూసేది ఒక్క ఎత్తులోనే, బొడిపె ఉన్న ఎత్తులో. దానికంటే కింద పడున్న ఛార్జర్ వైరు, చున్నీ అంచు, పిల్లల బొమ్మ దానికి కనపడవు. వాటికోసం ఇంకాస్త పైరకాల్లో ముందువైపు కెమెరా పెడతారు, వేలకొద్దీ ఫోటోలు చూపించి ఇది చెప్పు, ఇది వైరు, ఇది కుక్క చేసిన పాడు అని ప్రోగ్రామ్‌కి ముందే నేర్పించి పంపుతారు. ఏఐ అన్న మాటకి నిజంగా తగినది ఈ భాగమే. చెల్లి వాళ్ళింట్లో ఉన్నది హవాయి చెప్పుల్ని జానెడు దూరం నుంచే గుర్తుపట్టి చక్కగా చుట్టూ తిరిగి పోతుంది, అదే మిషన్ ఈతాకు చాప అంచు కిందకి మాత్రం తల దూర్చి చాపని ఎత్తేస్తుంది. కాబట్టి కెమెరా ఉన్నా లేకపోయినా, రోబో మొదలుపెట్టే ముందు నేల మీద వస్తువులు ఏరడం తప్పదు. మా ఇంట్లో అది రోజూ అయిదు నిమిషాల పని. మీ ఇంట్లో పిల్లల పుస్తకాలూ బట్టలూ ఎప్పుడూ నేల మీదే ఉంటాయంటే ఆ ఒక్క కారణంతోనే రోబో వద్దంటాను.

లేజర్ బొడిపెతో కలిపి ఎత్తు 10 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మీ దివాన్ కింద, మంచం కింద ఎంత జాగా ఉందో అది కూడా స్కేలుతో చూడండి. 9 సెంటీమీటర్లే ఉంటే దుమ్మంతా పేరుకునే ఆ చోటికే అది వెళ్ళలేదు.

ఇంకొకటి, నల్ల గ్రానైట్. రోబో అడుగున చిన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు ఉంటాయి, మెట్ల మీంచి పడిపోకుండా. కిందకి వెలుగు పంపుతాయి, అది నేలకి తగిలి వెనక్కి వస్తే ముందుకి పోతుంది, రాకపోతే అక్కడ నేల లేదనుకుని వెనక్కి తిరుగుతుంది. బాగా నల్లగా ఉన్న బండ ఆ వెలుగుని మింగేస్తుంది కాబట్టి కొన్ని మిషన్లు నల్ల బోర్డరు దగ్గరికి రాగానే మెట్టు వచ్చిందనుకుని ఆగిపోతాయి. మా హాలుకీ వంటగదికీ మధ్య అరడుగు వెడల్పున నల్ల గ్రానైట్ పట్టీ ఉంది, మొదటి రోబో వంటగదిలోకి పోకపోవడానికి అసలు కారణం అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రెండోది దాటుతుంది. మీ ఇంట్లో నల్ల బండలుంటే షాపువాళ్ళ మాట నమ్మొద్దు, డబ్బా తెరిచిన రోజే వాటి మీద తిప్పి చూడండి, రిటర్న్ గడువు పోయాక ఎవరూ మాట్లాడరు.

పీల్చే శక్తి గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. 8,000 పాస్కల్, 12,000 పాస్కల్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు, ఆ శక్తి ముఖ్యంగా మందపాటి తివాచీల్లో ఇరుక్కున్న దుమ్ము లాగడానికి. మనవి టైల్స్, మార్బుల్, గ్రానైట్, వాటి మీద దుమ్ముకీ అన్నం మెతుకులకీ పోపు గింజలకీ 3,000 నుంచి 4,000 ఉంటే మాకు సరిపోయింది. దానికంటే బ్రష్ చూడండి. మన ఇళ్ళల్లో పొడుగు జుట్టు ఉంటుంది, కుచ్చుల బ్రష్ అయితే వారానికోసారి కత్తెరతో కోసి తీయాల్సినంత చుట్టుకుంటుంది, రబ్బరు రోలరైతే ఆ బాధ సగానికి తగ్గుతుంది. కొనేటప్పుడు ఈ ఒక్క సంగతి అడిగినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు.

తడి తుడుపు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 20, 30 వేల రోబోలన్నింటికీ మాప్ కూడా ఉందని రాస్తారు. వెనకాల పావు లీటరు నీళ్ళ డబ్బా, దాని కింద ఒక గుడ్డ, ఆ గుడ్డని నేల మీద ఈడ్చుకుంటూ పోవడం, అంతే. నేల మీద నొక్కు ఉండదు. సన్న దుమ్ము పట్టుకుంటుంది, నేల కాస్త చల్లగా మెరుస్తుంది, కానీ పొయ్యి ముందు తిరగమోత చిందిన నూనె జిడ్డునీ, ఎండిపోయిన చారు మరకనీ ఇది కదపలేదు. పైగా ఒకే గుడ్డ ఇల్లంతా తిరుగుతుంది, మూడో గదికి వచ్చేసరికి మురికి గుడ్డతో తుడిచినట్టే. పడకగదులకి సరే, వంటింటికి దీన్ని నమ్ముకోకండి.

నీళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. హైదరాబాదులో మాకు వచ్చేది చాలావరకు బోరు నీళ్ళు, బకెట్ అంచున తెల్లటి సున్నం పొర కట్టే నీళ్ళు, అవే డబ్బాలో పోస్తే లోపల సన్న రంధ్రాలు నాలుగైదు నెలల్లో మూసుకుపోతాయి. మేం ఫిల్టర్ నీళ్ళే పోస్తున్నాం. ఆర్ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్ళు ఇల్లు తుడవడానికి పట్టి ఉంచే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది, బకెట్‌కి బాగానే ఉంటుంది గానీ రోబోలో పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఫినాయిల్ కూడా పోయకూడదు, రబ్బరు గొట్టాలు పాడవుతాయి, వారంటీ కూడా పోతుంది.

చెల్లి వాళ్ళది అసలైన తుడుపు. 68 వేలు. రెండు గుండ్రటి గుడ్డలు నొక్కి పెట్టి తిరుగుతాయి, మధ్యమధ్యలో స్టాండుకి వచ్చి గుడ్డలు కడుక్కుని మళ్ళీ పోతుంది, అంతా అయ్యాక వేడి గాలితో ఆరబెట్టుకుంటుంది. వంటింటి జిడ్డు కూడా రెండు చుట్లలో పోతుంది. దుమ్ము కూడా స్టాండులో ఉన్న సంచిలోకి లాగేసుకుంటుంది, డస్ట్ ఎలర్జీ ఉన్న మా మరిదికి అది పెద్ద ఊరట, ఎందుకంటే మామూలు రోబోల్లో డబ్బా దులిపేటప్పుడు లేచే దుమ్ము మళ్ళీ ముక్కులోకే పోతుంది. కానీ స్టాండు చిన్న బీరువా అంత ఉంటుంది, దానికో మూల, ఒక ప్లగ్గు, చుట్టూ కాస్త ఖాళీ కావాలి. మంచి నీళ్ళు నింపడం, మురికి నీళ్ళు పారబోయడం రెండు మూడు రోజులకోసారి మనిషి చెయ్యాల్సిందే. ఏప్రిల్ ఎండల్లో మూడు రోజులు మర్చిపోతే మూత తీయగానే కుళ్ళు వాసన. నాలుగు లీటర్ల మురికి నీళ్ళ డబ్బా మోసుకెళ్ళి బాత్రూములో పోయాలి, పెద్దవాళ్ళు మాత్రమే ఉండే ఇంట్లో ఇది చిన్న పనేం కాదని గుర్తుంచుకోండి.

ఒలికిన వాటి జోలికి ఏ మామూలు రోబోనీ పోనివ్వకూడదు. ఒక ఆదివారం పొద్దున మా వంటింట్లో దోసెల పిండి గిన్నె జారి గరిటెడు పిండి నేల మీద పడింది. అమ్మ గుడ్డ తేవడానికి వెళ్ళింది, ఈలోపు పదిన్నర అయింది, రోబో టైముకి బయల్దేరి నేరుగా అందులోంచే పోయింది. వంటింటి నుంచి హాలు, హాలు నుంచి నా గది, తెల్లటి పిండి చారలు మూడు గదుల్లో. బ్రష్ కుచ్చుల్లో పులిసిన పిండి ఇరుక్కుని ఆరిపోయింది, ఫిల్టర్ తడిసిపోయింది. నేను స్క్రూలు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఫిల్టర్ ఒక రోజంతా నీడన ఆరబెట్టి బిగించాను. ఆ రోజు నుంచి వంటింటిని టైముకి తిరిగే గదుల్లోంచి తీసేశాను, మధ్యాహ్నం వంట ముగిశాక మేమే బటన్ నొక్కి పంపుతాం. టైము పెట్టేటప్పుడు ఇంకోటి, మీ ఇంట్లో కూడా దీపం పెట్టాక ఊడవకూడదనే పట్టింపు ఉంటే సాయంత్రం స్లాట్ వద్దు, రోబో తిరిగినా అమ్మకి అది ఊడవడమే.

పనావిడని మానిపించాలా?

నేను మానిపించలేదు, మానిపించమని ఎవరికీ చెప్పను. లెక్క వేసి చూపిస్తాను. మా అపార్ట్‌మెంట్లో ఊడ్చి తుడవడానికి మాత్రమే నెలకి 1,800 ఇస్తున్నాం. 26 వేల రోబో నాలుగేళ్ళు పనిచేస్తుందనుకుంటే నెలకి 540, ఫిల్టర్లూ బ్రష్‌లూ గుడ్డలూ ఏడాదికి 2 వేలు వేసుకుంటే నెలకి ఇంకో 170. కరెంటు లెక్కలోకే రాదు, రోజూ బ్యాటరీ మొత్తం వాడినా నెలకి 3 యూనిట్ల చుట్టూ. మొత్తం 730 రూపాయలు. చెల్లి వాళ్ళ 68 వేల మిషన్ అదే నాలుగేళ్ళకి నెలకి 1,400 పైన, సంచులూ గుడ్డలూ కలిపి ఏడాదికి 5 వేలు, మొత్తం 1,800 దాటుతుంది. అంటే పెద్ద రోబో ఖర్చూ అక్క జీతమూ ఒకటే, చిన్న రోబో సగం కంటే తక్కువ.

కానీ ఆ రెండు పనులూ ఒకటి కావు. తలుపు వెనకాల, గది మూలల్లో ఆ గుండ్రటి వస్తువు పట్టదు. కిటికీ పట్టాల్లో ఇసుక, బాల్కనీలో పావురాల రెట్ట, ఫ్యాను రెక్కలు, బూజు, బాత్రూము, వాకిట్లో ముగ్గు, ఇవేవీ అది చెయ్యదు. నేల మీద పడున్న పిల్లవాడి ఉంగరం తీసి బల్ల మీద పెట్టదు, పనికి వచ్చే మా అక్క పెట్టింది. రోబో వచ్చాక మేం చేసిందల్లా ఆమె పని మార్చుకోవడం. రోజూ ఊడవడం రోబో చూసుకుంటుంది, అక్క రోజు విడిచి రోజు తడిగుడ్డ పెడుతుంది, ఆ మిగిలిన టైములో వారానికో పని, ఒక వారం కిటికీలు, ఇంకో వారం స్విచ్ బోర్డులూ ఫ్యాన్లూ. జీతం పైసా తగ్గించలేదు. "రోబో కొన్నావు కదా, నాకింక తగ్గిస్తావా సారూ" అని ఆమె మొదటి రోజే అడిగింది, ఆ అడగడంలో ఎంత భయం ఉందో విన్నవాళ్ళకే తెలుస్తుంది. కొత్త మిషన్ వచ్చిందని జీతంలో అయిదొందలు కోసిన ఇళ్ళు మా బ్లాకులోనే ఉన్నాయి, నాకది తప్పనిపిస్తుంది. నడుము వంచి చేసే పని తగ్గితే ఆ లాభం ఆమెకి కూడా అందాలి.

ఇక చేత్తో నడిపే వాక్యూమ్‌కి చాలామంది ఇవ్వాల్సిన విలువ ఇవ్వరు. వైరు లేని కర్ర వాక్యూములు 15 వేల నుంచి ఉన్నాయి, తక్కువ స్పీడులో అరగంట పైన, ఫుల్ స్పీడులో పది నిమిషాలు వస్తాయి. మెట్లు, కారు సీట్లు, పరుపు, సోఫా సందులు, బూజు, ఇవన్నీ దీనితోనే అవుతాయి. వంగకుండా నిలబడే ఊడ్చుకోవచ్చు కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్ళకి చీపురు కంటే ఎంతో నయం. మనిషి పట్టుకుని నడవాలి, అదొక్కటే తేడా, కానీ ఆ తేడా పెద్దది, ఎందుకంటే మా ఇంట్లో దీన్ని పండగలకి తప్ప బయటికి తీయడం మానేశాం. వైరున్న పాత రకం 5, 6 వేలకే వస్తుంది, పీల్చే శక్తి రోబోల కంటే చాలా ఎక్కువ, మోత కూడా ఎక్కువే.

కెమెరా, యాప్, కంపెనీ మూతపడితే

ఇంట్లో తిరిగే కెమెరా అంటే తేలిగ్గా తీసుకోవద్దు. 2022 డిసెంబర్‌లో ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టిన సంగతి, రూంబా రోబోలు తీసిన ఇళ్ళ లోపలి ఫోటోలు, బాత్రూములో ఉన్న ఒక మహిళ ఫోటోతో సహా, ఫోటోలకి లేబుళ్ళు పెట్టే కాంట్రాక్టు పనివాళ్ళ ద్వారా సోషల్ మీడియాలోకి వెళ్ళాయి. అవి షాపులో అమ్మినవి కావని, ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళల్లో పెట్టిన పరీక్ష మిషన్లని కంపెనీ చెప్పింది. ఆ ఫోటోలు దేనికి తీశారంటే ఏఐకి వస్తువులు గుర్తుపట్టడం నేర్పడానికే. 2024లో అమెరికాలో ఎకోవాక్స్ అనే కంపెనీ రోబోలు కొన్నింటిని హ్యాకర్లు చేతిలోకి తీసుకుని, వాటి స్పీకర్ల నుంచి ఇంట్లోవాళ్ళని బూతులు తిట్టారు. అందుకే నా సలహా, మీకు కుక్క గానీ పిల్లి గానీ ఉండి, రోబో దాని మలం తొక్కే భయం ఉంటే తప్ప కెమెరా ఉన్నది వద్దు, లేజర్ ఉన్నది చాలు, అది గోడల దూరాలే చూస్తుంది, మనుషుల్ని కాదు. కెమెరా ఉన్నదే కొంటే వైఫై రూటర్లో గెస్ట్ నెట్‌వర్క్ (మీ ఫోన్లూ లాప్‌టాప్‌ల నుంచి వేరుగా ఉండే కనెక్షన్) పెట్టి దానికి కలపండి, రిమోట్‌గా కెమెరా చూసే సదుపాయం ఆపేయండి, పడకగదుల్లో మనుషులున్నప్పుడు తిప్పకండి.

రెండోది, యాప్ లేకుండా పనిచేస్తుందా అని అడగండి. నీటో అనే అమెరికన్ కంపెనీ 2023లో మూతపడింది, యాప్‌ని నడిపే సర్వర్లు ఇంకొన్నేళ్ళు నడుపుతామని చెప్పి 2025లో ఆపేశారు, ఆ రోబోలు కొన్నవాళ్ళకి ఇప్పుడు మిషన్ మీదున్న బటన్ ఒక్కటే దిక్కు. రూంబా తెచ్చిన ఐరోబోట్ కూడా 2025 డిసెంబర్‌లో దివాలా కోర్టుకెక్కింది. అంత పేరున్నవాటికే ఇలా అయితే, రెండేళ్ళ కిందట పుట్టిన పేర్ల గతి ఏమవుతుందో ఎవరికి తెలుసు. బటన్ నొక్కితే ఇల్లంతా ఊడ్చి స్టాండుకి తిరిగి వచ్చేదే కొనండి. ఫిల్టరూ బ్రష్షూ ఇప్పుడు ఇక్కడ దొరుకుతున్నాయో లేదో ఆర్డర్ పెట్టే ముందే వెతకండి.

అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్ళు ఇంకో విషయం చూడాలి. తెనాలిలో మా పెద్దమ్మ వాళ్ళకి డాలస్‌లో ఉండే అన్నయ్య ఒక రోబో తెచ్చాడు. స్టాండు అడుగున స్టిక్కర్ మీద 120 వోల్టులు అని ఉంది, మన కరెంటు 230. ఎవరూ చూడకుండా ప్లగ్గులో పెట్టుంటే ఆ రోజే కాలిపోయేది. మామూలు ఛార్జింగ్ స్టాండుల అడాప్టర్ మీద చాలాసార్లు 100 నుంచి 240 వోల్టులని ఉంటుంది, ఇబ్బంది లేదు, దుమ్ము లాగే మోటరున్న పెద్ద స్టాండులకే ఈ ప్రమాదం. వారంటీ కూడా ఇక్కడ చెల్లదు. చివరికి దాన్ని వెనక్కి పంపి, ఇక్కడే లేజర్ రకం ఒకటి కొన్నాం. పెద్దమ్మ వాళ్ళిల్లు పాతది, నాపరాళ్ళ నేల, గది గదికీ గడప. ఇల్లంతా తిరగడం కుదరదని ముందే చెప్పి, స్టాండు హాల్లో పెట్టాం. ఆ హాలూ దానికి ఆనుకుని ఉన్న వరండా గదీ మాత్రం ఒకే మట్టం, ఇంట్లో ఎక్కువ మసిలేది అక్కడే. రోబో మాట్లాడేదేమో ఇంగ్లీషు, మీద రెండు బటన్లు, ఏది నొక్కాలో పెద్దమ్మకి గుర్తుండటం లేదు. రెండో రోజు నేను చూసేసరికి మొదలుపెట్టే బటన్ మీద ఎర్రటి బొట్టుబిళ్ళ అంటించి ఉంది. "ఇప్పుడు కళ్ళజోడు లేకపోయినా తడిమి నొక్కేస్తానురా" అంది. యాప్ ఆవిడ ఫోన్లో వెయ్యనే లేదు.

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలు చేసే, గడపలు లేని ఫ్లాట్ అయితే లేజర్ ఉన్న 25, 30 వేల రోబో తీసుకుని, తడిగుడ్డకీ మిగతా శుభ్రానికీ పనావిడని ఉంచుకోండి. నా లెక్కలో ఎక్కువ ఇళ్ళకి సరిపోయే జత ఇదే. పాకే పిల్లలున్న ఇంట్లో అయితే రోజుకి రెండుసార్లు తిప్పుకోవచ్చు, ఎదురుగా బిల్డింగ్ కడుతుంటే మరీ ఉపయోగం.

పనిమనిషి దొరకని ఊళ్ళో, లేదా విదేశాల్లో ఉండి మొత్తం మీరే చేసుకుంటుంటే, గుడ్డ ఉతుక్కునే పెద్ద స్టాండు రకానికి డబ్బు పెట్టొచ్చు, ఆ ఖర్చు అక్కడ న్యాయంగా అనిపిస్తుంది. డస్ట్ ఎలర్జీ ఉన్నవాళ్ళకి తడి తుడుపు లేకపోయినా పర్వాలేదు, దుమ్ము సంచిలోకి లాగే స్టాండు ఉంటే చాలు, 35, 40 వేల చుట్టూ దొరుకుతుంది.

డూప్లెక్స్ ఇల్లు, మెట్లు ఎక్కువ, లేదా గది గదికీ గడప ఉంటే కర్ర వాక్యూమ్. రోబోని పైకీ కిందకీ మోసుకుంటూ తిరగడం రెండు వారాలకే విసుగొస్తుంది. గడప ఒక్కటే, అదీ 3 సెంటీమీటర్ల లోపుంటే వడ్రంగి చేత రెండువైపులా ఏటవాలుగా చెక్క ముక్కలు చేయించుకోవచ్చు, మా బెడ్‌రూముకి అలాగే చేయించాం, 400 తీసుకున్నాడు. పెద్దవాళ్ళు నడిచే దారైతే మాత్రం వద్దు, కాలు జారుతుంది.

చేతిలో 15 వేలే ఉంటే లేజర్ లేని రోబో మాత్రం కొనకండి. 6 వేలకి వైరున్న వాక్యూము, ఇంకో వెయ్యికి పిండే బకెట్ ఉన్న పొడుగు కర్ర మాప్ తీసుకుని, మిగిలింది దాచుకోండి. దసరా, దీపావళి సేల్‌లో లేజర్ రకాలు కొన్ని వేలు తగ్గుతాయి. అప్పటికి గడపలూ మంచాల కింద ఎత్తులూ ఒక కాగితం మీద రాసి పెట్టుకుని ఉంటే పది నిమిషాల్లో తేల్చేయొచ్చు.